గుర్రప్పందేల కోడలు, ఎదురొచ్చే అత్తగారు

ఇవాళ నానమ్మ కథ చెప్పదట. మాత్ర వేసుకుంది, నాలుక మొద్దుబారిందట. అదేం కాదు, నా చేత చెప్పించాలని. సరే. నాకు వచ్చింది ఒక్కటే కథ. పొట్టిగా చెప్తాను. దుప్పట్లు కప్పుకోండి. ప్రణతీ, తమ్ముడి మీద కాలు తియ్యి. ఓంకార్, నానమ్మ వాకరు తన్నకు.

అనగనగా, అనగనగనగా ఒక పట్నం. పట్నంలో ఒక సందు. సందులో చివరి ఇల్లు. ఆ ఇంట్లో ఒక కోడలు, ఒక అత్తగారు. మామగారు పోయి ఇరవై ఏళ్ళు. కోడలి మొగుడు రైలు నడిపేవాడు, వారానికి నాలుగు రోజులు పట్టాల మీదే. పిల్లలిద్దరూ పొద్దున బడికి పోతే సాయంత్రమే రావడం.

పేరా? దానికి పేరు పెట్టను. పెడితే నవ్వుతారు.

ఆ కోడలు చాలా తెలివైంది. ఎంత తెలివైందంటే, ఆ సంగతి అందరికీ తనే చెప్పేది. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒక టైలరింగ్ షాపులో బట్టలు కుట్టేది. సోమవారం సెలవు.

ఆ షాపుకి మస్తాన్ గారని ఒకాయన వచ్చేవారు. రిటైరైన గుమాస్తా. ఆయనకొక కోటుంది. అది వేసుకుంటేనే తను పందెం కాసిన గుర్రం గెలుస్తుందని నమ్మకం. దాని లోపలి గుడ్డ చిరిగితే కోడలికి ఇచ్చారు. సోమవారం మూడో పందేనికి ముందు కోటు తన చేతిలో ఉండాలన్నారు. సరేనని కోడలు కోటు పట్టుకుని గుర్రప్పందేల మైదానానికి వెళ్ళింది. ఇచ్చేసి వచ్చేయాలి కదా?

రాలేదు.

గుర్రాల్ని చూసింది. పందేనికి ముందు వాటిని గుండ్రంగా తిప్పి చూపిస్తారు. ఒళ్ళంతా నూనె రాసినట్టు మెరుస్తాయి. నడుస్తుంటే చర్మం కింద కండ అలలా కదులుతుంది. వాటి మీద కూర్చునే రౌతులు ఇంతింత మనుషులు, పట్టు చొక్కాలు. ఒక చొక్కా రంగు, తను ముందు రోజు కుట్టిన జాకెట్టు రంగు ఒకటే. ఆ గుర్రం మీద కాసింది. అది మూడోది వచ్చింది. మూడోది వచ్చినా డబ్బిస్తారని కోడలికి అప్పుడే తెలిసింది. తెలియకపోతే ఎంత బాగుండేదో.

ఊ కొడుతున్నారా? నానమ్మ ఒక్కతే కొడుతోంది.

ఇక ప్రతి సోమవారం అదే పని. ఇంట్లో మాత్రం శివాలయానికని చెప్పేది. సంచీలో విబూది పొట్లం పెట్టుకుని, తిరుగు ప్రయాణంలో ఆటోలో నుదుటికి రాసుకునేది. చెప్పాను కదా, తెలివైందని.

ఒకరు గుర్రం చెవులు చూస్తారు, ఒకరు డెక్కలు చూస్తారు. ఈవిడ రౌతు చొక్కా కుట్టు చూసేది. కుట్టు వంకరపోతే వాడు గెలవడని లెక్క. ఆ లెక్కతో వారం వారం ఓడిపోయేది. ఎందుకు ఓడింది గుర్రం? నేల మెత్తగా ఉంది. నేల గట్టిగా ఉన్న రోజు ఎందుకు ఓడింది? ఎండ ఎక్కువ. ఎండ లేని రోజు? రౌతు బరువు. రౌతు తేలికైన రోజు? మస్తాన్ గారు తుమ్మారు. మస్తాన్ గారు రాని రోజు? ఆయన రాకపోవడమే.

ఇప్పుడు అత్తగారి సంగతి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ పెట్టలేదు, ఎవరూ తియ్యలేదు. ఎవరైనా బయటికి వెళ్తుంటే అత్తగారు లోపలికి వెళ్ళిపోయేవారు. మొగుడు పోయినావిడ ఎదురొస్తే పని చెడుతుందని. కొడుకు డ్యూటీకి బయల్దేరితే ఫ్రిజ్ వెనక నిలబడి, అక్కణ్ణుంచే వెళ్ళిరా నాయనా అనేవారు. మనవరాలు మొదటిసారి బడికి వెళ్ళిన రోజూ ఫ్రిజ్ వెనకే.

"నేను చూడలేదే!" అంటోంది ప్రణతి. నువ్వు కాదులే. కథలో మనవరాలు.

ఒక సోమవారం, కోడలు వెళ్ళిపోయిందనుకుని అత్తగారు గేటు దగ్గర కుళాయికి వెళ్ళి నీళ్ళ బిందెతో వస్తున్నారు. కోడలు అప్పుడే గుమ్మం దాటింది. ఇద్దరూ ఎదురెదురు. అత్తగారు కొయ్యబారిపోయారు. లోపలికొచ్చి ఓ గుక్క నీళ్ళు తాగి వెళ్ళమ్మా, నా బుద్ధి గడ్డి తిని వచ్చానని బతిమాలారు. ఆటో ఆగి ఉంది. పందెం మొదలైపోతుంది. కోడలు ఆగలేదు.

ఆ రోజు రెండు గుర్రాలు గెలిచాయి.

కోడలు ఇంటికొచ్చి విబూది దులుపుకుని, "అత్తయ్యా, వచ్చే సోమవారం కూడా మీరు ఎదురు రావాలి" అంది.

"నేనా?"

"మీరే."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. దగ్గొచ్చిందేమో అనుకుంది కోడలు.

తర్వాతి సోమవారం చూడాలి. అత్తగారు తలంటి పోసుకున్నారు. పెట్టె అడుగు నుంచి జరీ అంచు చీర తీశారు. బిందె తోమి, నీళ్ళు నింపి, పన్నెండింటికే గేటు దగ్గర నిలబడ్డారు. కోడలి కుడికాలు గుమ్మం దాటింది. అత్తగారు ఎదురొచ్చారు. కోడలు వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది. వెనక్కి చూస్తే శకునం పోతుంది, అది కోడలి రూలు.

సందులో ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. పక్కింటి రంగనాయకి పిన్ని అయితే, పెద్ద పెద్ద చదువుల వాళ్ళు కూడా చెయ్యని పని ఈ కోడలు చేసిందని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కోడలు ఆ పొగడ్తలన్నీ తల వంచుకుని తీసుకుంది. సిగ్గుతో కాదు. సిగ్గుంటే కదా.

మరి గుర్రాలు గెలిచాయా అంటే, కొన్నాళ్ళే. మళ్ళీ ఓడటం మొదలైంది. ఎందుకు ఓడింది? బిందె నిండుగా లేదు. అంచు దాకా నింపమంది. మళ్ళీ ఎందుకు ఓడింది? స్టీలు బిందె. అటక మీది ఇత్తడి బిందె దించింది. నీళ్ళు లేకుండానే రెండు చేతులూ కావాలి దానికి. మళ్ళీ? గేటు నుంచి గుమ్మం చాలా దగ్గర. సందు మలుపు నుంచి నడిచి రమ్మంది. డెబ్భై ఏళ్ళ మనిషిని.

ఆవిడ నడిచి వచ్చారు. కుడికాలు గుమ్మం దాటింది. అత్తగారు ఎదురొచ్చారు. కోడలు వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

ఓంకార్, నిద్రొస్తోందా? రావట్లేదా. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. సరే.

ఒక సోమవారం వాన. ఆ రోజు బ్లూ అంబ్రెల్లా అనే గుర్రం పరిగెత్తుతోంది. తడి నేల మీద దానికి తిరుగులేదని మస్తాన్ గారు చెప్పారు. వారమంతా కోడలికి అదే ధ్యాస.

"అమ్మాయ్, మెట్టు జారుడుగా ఉంది. ఇవాళ్టికి వరండాలోనే ఎదురొస్తే చాలదా?" అన్నారు అత్తగారు.

"చాలదు అత్తయ్యా. దేవుడి పని" అంది కోడలు.

దేవుడి పని అంది.

కుడికాలు గుమ్మం దాటింది. వానలో, నెత్తి మీద కొంగు కప్పుకుని, చంకలో ఇత్తడి బిందెతో అత్తగారు ఎదురొచ్చారు. కోడలు ఆవిణ్ణి దాటి, గేటు దాటింది. వెనక బిందె పడిన చప్పుడు. ఖంగుమని.

కోడలు వింది. బిందె జారిందేమో, బిందెకేమవుతుంది అనుకుంది. ఫోను ఆపేసింది, పందెం మధ్యలో మోగితే గుర్రం ఆగిపోతుందని. వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

బ్లూ అంబ్రెల్లా గెలిచింది. ఆఖరి మలుపు దాకా ఎక్కడో వెనక ఉంది. అక్కణ్ణుంచి బురద చిమ్ముకుంటూ ఒక్కొక్కదాన్నే దాటింది. కోడలు కుర్చీ ఎక్కి అరిచింది. మస్తాన్ గారు కోటు విప్పి ఊపారు. ఇంటికి మైసూర్‌పాక్ కొంది.

ఇంటికి తాళం. మెట్టు కింద బిందె పక్కకి పడి ఉంది, ఒక వైపు సొట్ట. అందులో వాననీళ్ళు.

రంగనాయకి పిన్ని బయటికొచ్చింది. "శివుడి దగ్గర ఫోను కూడా ఆపేస్తారా అమ్మా?" అంది. మీ అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళారంది. తను చూసేసరికి అరగంటైందట. అరగంట వానలో, ఆ మెట్టు కింద. తుంటి ఎముక.

…ఏం లేదు. గొంతు ఎండింది. ఆ నీళ్ళిలా ఇవ్వు.

ఆస్పత్రిలో అత్తగారు కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "దర్శనం బాగా అయిందా అమ్మాయ్?" అని. మైసూర్‌పాక్ పొట్లం ఇంకా కోడలి చేతిలోనే ఉంది.

"అత్తయ్యా, నేను వెళ్ళింది గుడికి కాదు."

"తెలుసు."

"తెలుసా?"

"గుడికెళ్ళొచ్చిన చెప్పులకి గుర్రపు లద్దె ఉంటుందా? మొదటి వారం నుంచీ కడుగుతున్నది ఎవరనుకున్నావు?"

ఇదీ తెలివైన కోడలి తెలివి. మరి తెలిసీ ఎందుకొచ్చారు ఎదురు అని అడిగింది.

"ఇరవై ఏళ్ళలో నన్ను ఎదురు రమ్మన్నది నువ్వొక్కదానివే. గుడికైతేనేం, గుర్రానికైతేనేం" అన్నారు ఆవిడ. మళ్ళీ, "బిందె చప్పుడు వినపడిందా నీకు?" అన్నారు.

కోడలు అబద్ధం ఆడొచ్చు. వాన కదా, వినపడలేదనొచ్చు. అంతకుముందు అంత సులువుగా ఆడింది కూడా.

"వినపడింది అత్తయ్యా."

"నీ కాలు ఆగడం చూశాను. తిరుగుతావనుకున్నాను."

అంతే అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

కొడుకు డ్యూటీ నుంచి పరిగెత్తుకొచ్చాడు. పెళ్ళాంతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఉప్పు అడిగాడు.

ఆపరేషన్ అయింది. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చారు. ఎముక అతుక్కుంటుంది, నడుస్తారు అన్నాడు డాక్టరు. కానీ ఆవిడ మనసు పెట్టలేదు. కొడుకు బయల్దేరుతుంటే, కుర్చీని ఫ్రిజ్ వెనక్కి తొయ్యమన్నారు. నా ఎదురు మంచిది కాదమ్మా, తిరిగి నాకే తగిలింది అన్నారు. జరీ చీర పెట్టె అడుక్కి పోయింది. కోడలు ఎన్ని చెప్పినా వినలేదు. అబద్ధాల కోడలి మాట ఎవరు వింటారు?

ఒకరోజు ఆవిడే, ఏదో అడగలేక అడిగినట్టు, "నువ్వు చెప్పిన ఆ నీలం గొడుగు గుర్రం ఎలా ఉంటుంది?" అన్నారు.

"చూస్తారా అత్తయ్యా?"

వద్దనలేదు.

సోమవారం వచ్చింది. ఆటో వచ్చింది. కోడలు అత్తగారికి జరీ చీర కట్టింది. కుర్చీని వరండాలోకి తెచ్చి, ఇక్కడే ఉండండి అని చెప్పి పోయింది. రెండు నిమిషాలు. మూడు నిమిషాలు. ఎక్కడికి పోయిందీ పిల్ల అని అత్తగారు తొంగి చూశారు.

సందు మలుపు నుంచి కోడలు వస్తోంది. చంకలో సొట్ట పడిన ఇత్తడి బిందె, నిండా నీళ్ళు. అది ఎంత బరువో అప్పుడు తెలిసింది దానికి. చీర తడిసింది, చెయ్యి పీకింది, సగం దారిలో ఆగి చంక మార్చుకుంది. సందంతా చూస్తోంది. అత్తగారికి ఎదురొచ్చి, మెట్టు దగ్గర బిందె దించింది.

"బయల్దేరండి అత్తయ్యా. శకునం బాగుంది."

"నీ మొహం" అన్నారు ఆవిడ. అని, ఏడ్చారు. ఇద్దరూ ఏడ్చారు. ఆటో అతను హారన్ కొట్టాడు.

మైదానంలో మస్తాన్ గారు ఆ కోటు వేసుకునే వచ్చి కుర్చీ తోశారు. ఆ రోజు కోడలు దేని మీదా కాయలేదు. చేతులు దురద పెట్టాయి, నిజం చెప్తున్నాను, కానీ కాయలేదు. బ్లూ అంబ్రెల్లా ఆఖర్న వచ్చింది. అత్తగారు చప్పట్లు కొట్టారు. ఆఖర్న వచ్చినందుకు కాదు, అంతసేపు పరిగెత్తినందుకట.

"అమ్మాయ్, ఇవి అంత దూరం ఉరికి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తాయా?"

"అవును అత్తయ్యా."

"దీనికా నా తుంటి విరగ్గొట్టావు?" అని నవ్వారు. తర్వాత, ఆ కళ్ళకి అటూ ఇటూ తొడుగులు ఎందుకని అడిగారు. అవి పక్కకీ వెనక్కీ చూడకుండా అని మస్తాన్ గారు చెప్పారు. అత్తగారు గుర్రాన్ని చూశారు. కోడల్ని చూశారు.

మర్నాడు పొద్దున కొడుకు డ్యూటీకి బయల్దేరాడు. ఆవిడ ఫ్రిజ్ వెనక్కి వెళ్ళలేదు. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసి గుమ్మంలో ఎదురొచ్చారు. కొడుకు టోపీ తీసి నిలబడిపోయాడు. రైలు పది నిమిషాలు ఆలస్యం.

అందరూ సుఖంగా ఉన్నారు. కోడలు సోమవారాలు ఇంట్లోనే ఉంటుంది. గుర్రాలు పరిగెత్తే వేళకి కుట్టుమిషన్ తొక్కుతుంది. కాస్త వేగంగా తొక్కుతుంది, అంతే.

నీతా? రేపు ప్రణతి పరీక్షకి వెళ్ళేప్పుడు నానమ్మ ఎదురొస్తుంది. మెల్లిగా వస్తుంది. ఆగాలి. గేటు దాటాక వెనక ఏ చప్పుడైనా వినపడితే, గిన్నె అయినా సరే, గరిటె అయినా సరే, తిరిగి చూడాలి.

"శకునం పోతే?" అంటోంది ప్రణతి.

పోనీ.

కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. ఏమిటి అత్తయ్యా? కంచికెళ్ళే కథకీ ఎవరో ఒకరు ఎదురు రావాలి కదా అంటోంది నానమ్మ. లేవకండి, లేవకండి. వాకరు నేను అందిస్తాను.