పూసలరేవు మలుపులమ్మ భుజం అరిగిన కథ

పూసలరేవు పట్టణం సముద్రానికీ చిన్న కొండకీ నడుమ ఇరుకుగా, పొడుగ్గా ఉంటుంది. ఇప్పుడు ఇక్కడికి ఓడలు రావు. శనివారం పొద్దున్న రైల్లో యాత్రికులు వస్తారు, ఆదివారం సాయంత్రం రైల్లో వెళ్ళిపోతారు. ఊరు చూడడానికి ఆ రెండు రోజులూ, కాస్త నడిచే ఓపికా ఉంటే చాలు. స్టేషను బయట ఆటోవాళ్ళు ఊరు చాలా దూరమని చెబుతారు. వారి బతుకుతెరువు వారిది, మీరు మాత్రం నడవండి.

ముందుగా ఇసుకతిన్నె మీద పాత దీపస్తంభం కనబడుతుంది. అందులో దీపం లేదు, పావురాలున్నాయి. దాని వెనక ఒలందావారి, అంటే పూర్వపు డచ్చివారి, సమాధుల తోట. రాళ్ళ మీద చెక్కిన ఓడబొమ్మల్ని చేత్తో తడిమి చూడవచ్చు, అయితే వాటి నీడన పడుకున్న మేకలు లేవవు. అక్కడినుంచి ఉప్పు గిడ్డంగుల వరస. ఒక గిడ్డంగిని పెళ్ళిళ్ళ హాలు చేశారు. మరొకటి ఏం చేయాలో తేలక అలాగే ఉంది. గిడ్డంగులు దాటగానే రేవు వీధి మొదలవుతుంది. అటూ ఇటూ వర్తకుల పాత మండువా ఇళ్ళు, చెక్కడపు తలుపులు, ఎండుచేపల వాసన, మినపరొట్టె కాలుతున్న వాసన. ఈ వీధి గీత గీసినట్టు తిన్నగా కొండదాకా పోవలసింది. సగం దారిలో ఏ కారణమూ లేకుండా ఎడమకు వంగి, ఒక చిన్న గుడిని చుట్టుకుని, మళ్ళీ తిన్నబడుతుంది. ఆ వంపులో ఉన్నదే మలుపులమ్మ గుడి.

గుడి అరుగంత ఉంటుంది. అమ్మవారిది మనిషిని మించిన ఎత్తు నల్లరాతి విగ్రహం. వీధిలో నిలబడిన భక్తులకు మొహం సగమే దర్శనమవుతుంది. ఎందుకంటే తల్లి వీధివైపు చూడదు, రేవువైపు చూస్తుంది. ఆమె కుడిభుజం మీద చెక్కడపు పని అంతా అరిగిపోయి, రాయి నున్నగా అద్దంలా మెరుస్తుంది. ఇంత దూరం వస్తే మొహమైనా సరిగా కనబడలేదని కొత్తవారు నొచ్చుకుంటూ ఉంటారు. పూజ చేసే దాలమ్మగారికి ఈ ఫిర్యాదు అలవాటే.

"మొహం సూడ్డానికి కాదు బాబూ, బుజం ముట్టుకోడానికి రావాల. పొద్దుగూకినాక రండి" అంటారు ఆవిడ.

ఆ భుజం అరగడానికీ, వీధి వంగడానికీ, పొద్దుగూకిన తరవాతే రమ్మనడానికీ కారణం ఒక్కటే. అది ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ రేవు నిండా ఓడలుండేవి. పెద్ద ఓడలు లోతునీటిలో లంగరు వేసి ఆగితే, మనుషులూ సరుకూ పడవల మీద ఒడ్డుకు చేరేవారు. ఆ ఓడల్లో ఒకదానిమీద గురువులు అనే కళాసి ఉండేవాడు. తెరచాపలు కుట్టడంలో అతని చేతికి మంచి పేరు. అతని ఇల్లు రేవు వీధి సగంలో, వీధికి కాస్త ముందుకు పొడుచుకు వచ్చినట్టు ఉండేది. వీధి ఆ ఇంటి గోడను ఒరుసుకుంటూ వంగి పోయేది. భార్య అచ్చియమ్మ వలనూలు వడుకుతూ ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది.

గురువులుకు రేచీకటి. పగలు సూదిలో దారం ఎక్కించగల మనిషికి పొద్దుగూకితే తన చెయ్యి తనకు కనబడదు. ఈ సంగతి భార్యకూ, ఓడమీద అతనికి బదులు రాత్రి కాపలా కాసే ఒక నేస్తానికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఓడ ఎక్కనివ్వరు. కళాసీలను పనిలో పెట్టేదీ తీసేసేదీ సరంగు. చీకట్లో చూపు ఆనని మనిషిని నీటిమీదికి తీసుకుపోకూడదని అతని నియమం. అది చెడ్డ నియమమూ కాదు. కానీ గురువులుకు ఓడ తప్ప వేరే బతుకు లేదు.

సాయంత్రం వేళ ఒడ్డుకు దిగితే గురువులు కుడిచేత్తో గోడలు తాకుతూ నడిచేవాడు. గిడ్డంగి ఇటుక, వర్తకుల ఇళ్ళ సున్నం, ఒక పాకకు మట్టిపూత, అన్నీ అతని వేళ్ళకు తెలుసు. గోడ వంగిందంటే ఇల్లు వచ్చినట్టు. అచ్చియమ్మ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావడానికి అతను ఒప్పుకునేవాడు కాదు. చెయ్యి పట్టుకుంటే నలుగురూ చూస్తారు. చూసినవాళ్ళు ఊరుకోరు.

ఆ కాలంలో పద్మనాభ శ్రేష్ఠి అనే వర్తకుడు ఈ రేవుకు పెద్ద. ఒక ఏడు అతని ఓడ పెనుతుఫానులోంచి బయటపడింది. ఆ మొక్కు కింద శ్రేష్ఠి కొండ అడుగున అమ్మవారికి గుడి కట్టించాడు, దూరదేశపు శిల్పుల చేత విగ్రహం చెక్కించి ఓడమీద తెప్పించాడు. గుడిలోంచి తల్లి తిన్నగా సముద్రాన్ని చూడాలని, రథం అడ్డులేకుండా సాగాలని అతని కోరిక. అందుకు వీధిలో వంపు పోవాలి. దారికి అడ్డొచ్చిన ఇళ్ళవారందరికీ వేరేచోట అంతకన్నా మంచి ఇళ్ళు కట్టించి ఇచ్చాడు. అందరూ వెళ్ళారు. అచ్చియమ్మ వెళ్ళలేదు.

శ్రేష్ఠి స్వయంగా వచ్చి అరుగు మీద కూర్చుని అడిగాడు. "ఏమమ్మా, ఇల్లంతా తీయమనడం లేదు. ముందు గోడ, దాని వెనక వసారా, అంతే. అడ్డేమిటి?"

"ఆయనొచ్చినాక అడగండి బాబూ. ఇల్లు ఆయన్ది. నాను ఒప్పుకోలేను" అంది అచ్చియమ్మ.

"ఆయన ఎప్పుడొస్తాడు?"

"ఓడొచ్చినప్పుడు."

అంతకుమించి ఆమె నోరు మెదపలేదు. కారణం చెబితే గోడ నిలుస్తుంది, మొగుడి బతుకు పోతుంది. చెప్పకపోతే గోడ పోతుంది. ఊరివాళ్ళు ఆమెను మొండిమనిషి అన్నారు. దేవుడి పనికి అడ్డం పడుతోందనీ అన్నారు. అచ్చియమ్మ వలనూలు వడుకుతూనే ఉంది. లోలోపల మాత్రం ఆమెకు చాలా భయంగా ఉండేది.

విగ్రహం అప్పటికి ఓడ దిగి, రేవులోని గిడ్డంగిలో గడ్డిమీద పడుకోబెట్టి ఉంది. ప్రతిష్ఠకు ముందు విగ్రహానికి పూజ లేదు కనుక అటు ఎవరూ వెళ్ళేవారు కాదు. అచ్చియమ్మ ఒక మధ్యాహ్నం వెళ్ళి, గడ్డి పక్కకు తోసి, రాతి చెవి దగ్గర కూర్చుంది.

"అమ్మా, ఇది ఎవరికీ సెప్పనేదు, నీకే సెబుతున్నాను. పొద్దుగూకితే నా పెనిమిటికి కళ్ళు కనపడవు. గోడ తడుముకుంటూ ఇంటికొస్తాడు. ఆ గోడే తీసేస్తామంతన్నారు. నీకోసమేనట. నువ్వు కూడా ఎవరికీ సెప్పకు" అని లేచి వచ్చేసింది.

మర్నాడు శ్రేష్ఠి భోజనం చేసి కునుకు తీస్తుండగా అమ్మవారు కలలోకి వచ్చింది. జుట్టులో గడ్డిపరకలతోనే వచ్చిందట. "ఆ గోడ జోలికి పోకు" అంది. ఎందుకని శ్రేష్ఠి అడిగాడు. "అది చెప్పకూడదు" అంది తల్లి. ఎవరికీ చెప్పకని అడిగిన తరవాత దేవతైనా మాట దాచాలి కదా.

కారణం లేని మాట వినడం వర్తకుడికి అలవాటు లేదు. శ్రేష్ఠి లేచి మొహం కడుక్కుని, మధ్యాహ్నం తిన్న పనసపొట్టు కూర మీదికి నేరం నెట్టేశాడు. ప్రతిష్ఠకు ముహూర్తం దగ్గరపడింది. శనివారం పొద్దున్న మనుషులు వచ్చి అచ్చియమ్మ గోడ పడగొట్టి, పునాదిరాళ్ళు కూడా పెకలించారు. గోడ ఉన్నచోట నడుంలోతు గొయ్యి మిగిలింది. అచ్చియమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మిగిలిన గుమ్మంలో నిలబడి చూసింది.

ఆ సాయంత్రమే విగ్రహాన్ని ఊరేగింపుగా గుడికి తీసుకువెళ్ళడం. బోయీలు అమ్మవారిని పీట మీద నిలబెట్టి, బొంగులు భుజాన వేసుకుని రేవునుంచి బయలుదేరారు. వెనక డప్పులు, జనం, శ్రేష్ఠి. పొద్దు కొండవెనక్కి దిగుతున్న వేళకి అచ్చియమ్మ చెవిన ఒక మాట పడింది. గురువులు ఎక్కిన ఓడ మధ్యాహ్నమే లంగరు వేసిందట, కళాసీలు పడవల్లో దిగుతున్నారట. ఆమె రేవువైపు పరుగుతీయబోయింది. కానీ వీధి ఈ గోడనుంచి ఆ గోడకి జనంతో నిండి ఉంది. ఆమె అరుగు దాటి అడుగు పెట్టలేకపోయింది.

ఊరేగింపు వంపు దగ్గరికి వచ్చింది. అక్కడ జనం కాస్త పలచబడితే, వెనకనుంచి గోడవారగా వస్తున్న మనిషి ఆమెకు కనబడ్డాడు. కుడిచెయ్యి గోడమీద, ఎడమచేతిలో మూట. నింపాదిగా, ఇంటికి వస్తున్నవాడిలాగే వస్తున్నాడు. అతనికి నాలుగడుగుల వెనక సరంగు మీరా సాయిబు ఊరేగింపు చూస్తూ నడుస్తున్నాడు. గోడ అయిపోయాక ఏముందో గురువులుకు తెలియదు.

"ఆగు" అని ఒక్క కేక వేస్తే చాలు. వేస్తే, ఎందుకు వేసిందో సరంగుకు తెలుస్తుంది. అచ్చియమ్మ గొంతులోకి వచ్చిన కేకను ఆపుకుని అమ్మవారి మొహంలోకి చూసింది.

బోయీల కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. పీట ఒక్కసారిగా బరువెక్కింది. వెనకవాళ్ళు ముందుకు తూలారు, ముందువాళ్ళు పక్కకు ఒరిగారు, విగ్రహం మొహం గిర్రున రేవువైపు తిరిగింది. పెద్దబోయీ అప్పలసూరి తన జన్మలో బరువు మధ్యదారిలో దించి ఎరగడు. అలా దించడం బోయీకి తలవంపులు. అయినా అతనే ముందుగా అన్నాడు.

"దించండ్రా. అమ్మోరు దిగుతానంతంది."

ఎక్కడ దించాలో వెతుక్కునే పనిలేకుండా గొయ్యి ఉంది. తల్లి ఆ గోతిలో గోడ నిలిచినచోటే నిలిచింది. గోతిలో దిగిన ఎత్తుపోగా ఆమె భుజం సరిగ్గా మనిషి చేతికి అందే ఎత్తుకు వచ్చింది. గురువులు చెయ్యి గోడ చివర ఇటుకను వదిలింది, గాలిలోకి పోయింది, రాయిని తాకింది. రాతి భుజం మీదుగా వేళ్ళు జరుపుకుంటూ అతను వంపు తిరిగాడు, గుమ్మం అందుకున్నాడు. "ఏమే, గోడకి రాయి కట్టించేవా?" అన్నాడు లోపలికి వస్తూ. అచ్చియమ్మకు అప్పుడు ఏడుపు వచ్చింది.

డప్పులు ఆగిపోయాయి. వీధిలో ప్రతివాళ్ళూ చూశారు. ఆ గోడ ఎందుకో, ఆ మొండితనం ఎందుకో, కలలో చెప్పని కారణమేమిటో శ్రేష్ఠికి అప్పటికి అర్థమైంది. సిగ్గుతో అతని మొహం మాడిపోయింది. ఇంతలో సరంగు ముందుకు వచ్చాడు.

"శెట్టిగారూ, ఆ మనిషికి చీకట్లో కనబడదా? గోడ పట్టుకుని నడుస్తున్నాడేం?"

వీధంతా శ్రేష్ఠి నోటివంక చూసింది. అతను రోజూ బేరాల్లో ఆడే అబద్ధాలు ఎన్నో ఉంటాయి. అంత ఆలోచించి ఆడింది మాత్రం ఇదొక్కటే.

"మా ఊళ్ళో పొద్దుగూకితే అందరం ఇలాగే నడుస్తాం సాయిబూ. అది మా ఆచారం" అన్నాడు.

అని చెప్పులు విడిచి, గోడమీద కుడిచెయ్యి వేసి నడిచాడు. అమ్మవారి భుజం తాకి వంపు తిరిగాడు. అతని వెనక అప్పలసూరి, అతని వెనక తక్కిన బోయీలు, డప్పులవాళ్ళు, గోడ పడగొట్టిన కూలీలు, ఇళ్ళలోంచి వచ్చిన ఆడవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వీధి మొత్తం చెయ్యి గోడకు ఆనించి వరసగా నడిచింది. మీరా సాయిబు కాసేపు నిలబడి చూశాడు. తరవాత తనూ గోడమీద చెయ్యి వేశాడు.

అతను నమ్మాడా లేదా అన్నది పెద్దలు చెప్పరు. ఆదివారం పొద్దున్న ఓడ బయలుదేరేముందు సరంగు కళాసీల పేర్లు పిలిస్తే, అందులో గురువులు పేరూ ఉంది. అది మొదలు గురువులుకు రాత్రి కాపలా వంతు మాత్రం ఎప్పుడూ వేయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

అమ్మవారిని మళ్ళీ కదపలేదు. వంపు అలాగే ఉండిపోయింది. కొండ అడుగున కట్టిన గుడిలో తరవాత వేణుగోపాలస్వామిని ప్రతిష్ఠించారు. ఆయన రథం ఇప్పటికీ వంపుదాకా వచ్చి, తల్లికి హారతి ఇచ్చి, వెనక్కి మళ్ళుతుంది. అచ్చియమ్మ ఆడపిల్లల సంతతివారే తరతరాలుగా పూజ చేస్తున్నారు. దాలమ్మగారు ఆ ఇంటివారే.

ఇప్పుడు ప్రతి శనివారం సూర్యాస్తమయమప్పుడు యాత్రికులు రేవు దగ్గర చెప్పులు విడిచి, కుడిచెయ్యి గోడకు ఆనించి గుడిదాకా నడుస్తారు. ఆ కాసేపూ కరెంటువాళ్ళు వీధిదీపాలు ఆర్పేస్తారు, గుడిలో దీపం వెలిగించరు. సెల్‌ఫోన్ లైటు వేసినవారిని ఊరివాళ్ళు ఏమీ అనరు, వెనక్కి పోయి మళ్ళీ మొదటినుంచి నడవమంటారు. వీధి పొడుగునా గోడలమీద చేతులు పాకి పాకి నున్నటి చార ఒకటి ఏర్పడింది. సున్నాలు వేసేటప్పుడు ఎవరూ దానిమీద వేయరు. ఆఖరి మనిషి భుజం ముట్టుకున్నాక దాలమ్మగారు దీపం వెలిగించి, చలిమిడి పెడతారు. ఆదివారం పొద్దున్న అదే వీధిలో హాయిగా చేతులూపుకుంటూ రేవుకు దిగి, సముద్రంలో కాళ్ళు తడుపుకుంటే యాత్ర పూర్తయినట్టు.

కళ్ళజబ్బులు నయమవుతాయని ఈ క్షేత్రంలో ఎవరూ చెప్పరు. దూరం పోయినవారు ఇల్లు చేరతారని, చెప్పుకోలేని బాధ ఉన్నవారి మాట బయటపడకుండానే వారి పని అవుతుందని మాత్రం చెబుతారు. ఈ వీధిలో నడిచేవారిని మొక్కు ఏమిటని అడగడం తప్పు. పక్కన నడిచే మనిషికి దారి కనబడుతోందా అని అడగడం అంతకన్నా తప్పు. ప్రతి శనివారం ఆ వరసలో నిజంగానే చూపు ఆననివారు ఎవరో ఒకరు ఉంటారు. ఎవరన్నది ఇంతవరకూ ఎవరికీ తెలియలేదు.