మొదటి దెబ్బకు మూడు బిళ్ళలు

విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకి పైన ఉన్న ఒక పాత క్లబ్బులో పూల్ ఆడే మృణాళినికి ప్రతిదానికీ ప్రశ్న వేసే అలవాటు ఉండేది గానీ, వచ్చిన జవాబు మీద ఇంకో ప్రశ్న వేసే అలవాటు మాత్రం ఉండేది కాదు.

ఆట చక్కగా ఆడేది. పొడవాటి కర్రతో తెల్ల బంతిని కొట్టి, బల్ల మీద చెదిరి ఉన్న రంగు బంతుల్ని దానితో ఒక్కొక్కటిగా బల్ల అంచుల్లో ఉన్న పాకెట్లలోకి పంపుతుంటే, చూసేవాళ్ళు చేతిలో టీ చల్లారిపోతున్న సంగతి కూడా మరిచిపోయేవారు. అయితే ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉండేది. ఆట మొదలయ్యేటప్పుడు రంగు బంతులన్నీ త్రికోణంలా దగ్గరగా పేరుస్తారు. తెల్ల బంతితో గట్టిగా కొట్టి వాటిని చెదరగొట్టే మొదటి దెబ్బని బ్రేక్ అంటారు. ఆడవాళ్ళు ఆడేటప్పుడు ఆ దెబ్బ ఎవరో ఒక మగవాడు వచ్చి కొట్టి పెట్టేవాడు. దాన్ని వాళ్ళు మర్యాద అనుకునేవారు.

"ఎందుకండీ?" అని చేరిన కొత్తలో మృణాళిని అడిగింది.

"బలం కావలసిన పని కదమ్మా" అన్నాడు సెక్రటరీ కోదండపాణి.

ఆ పొద్దున్నే ఆమె నిండు గ్యాస్ సిలిండరుని ఒక్కతే వంటింట్లోకి దొర్లించి, బిగించి, వంట చేసి వచ్చింది. అయినా ఆయన జవాబు విని సరేనని ఊరుకుంది.

కొన్నేళ్ళకి క్లబ్బు జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. హైదరాబాదులో జరిగే పోటీకి ఆ జట్టు వెళ్ళాలి. ఆ చోటుకి మృణాళిని, సన్యాసిరావు పోటీ పడ్డారు. మూడు ఆదివారాలు మూడు ఆటలు, ఒక్కో ఆటలో కొన్ని రౌండ్లు; రెండు ఆటలు గెలిచినవాళ్ళు జట్టులోకి. పోటీలో ఎవరి బ్రేక్ వాళ్ళే కొట్టుకోవాలి. మృణాళినికి ఆ చోటు మీద ఎంత ఆశంటే, ఆఫీసులో ఫైలు ముందు కూర్చున్నా పెన్నుని కర్రలా పట్టుకుని గురి చూసేది.

ఆట కర్ర కొనకి ఒక చిన్న బిళ్ళ అతికించి ఉంటుంది. బంతికి తగిలేది అదే. దాన్ని టిప్ అంటారు. బ్రేక్ కోసం వేరే కర్ర, వేరే టిప్ వాడతారు. ఏ టిప్ మంచిదని ఆమె కోదండపాణిని అడిగింది.

"ఆడవాళ్ళ చేతులు సున్నితం అమ్మాయ్. మెత్తటి తోలు బిళ్ళ పెట్టించుకో. ఎదురు దెబ్బ చేతికి తెలియదు."

మొదటి ఆదివారం ఆమె బ్రేక్ కొట్టబోతుంటే కోదండపాణి అలవాటు కొద్దీ కర్ర పుచ్చుకుని లేచి, అందరూ తనవైపే చూస్తుంటే మళ్ళీ కూర్చున్నాడు. ఆమె శక్తి కొద్దీ కొట్టింది. దిండు మీద గుద్దినట్టు ఢప్‌మని చప్పుడైంది. బంతులు గ్రూప్ ఫోటోకి నిలబడ్డవాళ్ళలా దగ్గర దగ్గరగానే ఉండిపోయాయి. ఒక్కటీ పాకెట్లో పడలేదు. పడకపోతే వంతు అవతలివాళ్ళది. ఆ రోజంతా ఆమె బ్రేకులు అలాగే సాగాయి. ఆమె ఓడిపోయింది.

సన్యాసిరావు మంచివాడే. గెలిచాక జాలిపడి సలహా ఇచ్చాడు.

"మీకెవరో తప్పు చెప్పారండీ. ఆడవాళ్ళకి బలం చాలదు కదా, అందుకని ఫినాలిక్ పెట్టించుకోవాలి. అది తోలు కాదు, రాయిలాంటి ప్లాస్టిక్. మీకు లేని బలం అది ఇస్తుంది."

అతను మోసం చేయాలని చెప్పలేదు. నిజంగా నమ్మే చెప్పాడు. మృణాళిని కూడా నమ్మేసింది. ఆ టిప్ వేరే కర్రకి పెట్టించుకుని సాధన చేయడానికి వచ్చింది. కొట్టగానే ఠప్‌మని గది మోగింది. తెల్ల బంతి బల్ల దాటి ఎగిరి, నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి, కోదండపాణి కుర్చీ కింద ఆగింది. ఆయన రెండు కాళ్ళూ పైకెత్తి కూర్చున్నాడు.

"నాతో పేచీ ఉంటే నోటితో చెప్పు అమ్మాయ్" అన్నాడు. అందరూ నవ్వారు. మృణాళిని నవ్వలేదు. ఇంకో ఆట ఓడితే చోటు పోయినట్టే.

ఆమె స్నేహితురాలు జీనత్ పళ్ళ డాక్టరు. అదే క్లబ్బులో ఆడేది. ఆమె బంతి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నాకొకటి అర్థం కాలేదే" అంది జీనత్. "ఒకాయన మెత్తది పెట్టమన్నాడు. ఇంకొకాయన గట్టిది పెట్టమన్నాడు. ఇద్దరూ చెప్పిన కారణం మాత్రం ఒకటే, నువ్వు ఆడదానివని. ఒకే కారణానికి రెండు వ్యతిరేకమైన మందులు ఎలా వస్తాయి?"

"వాళ్ళకి అనుభవం ఉంది కదా."

"దేంట్లో? నీ చెయ్యి బ్రేక్ ఎలా కొడుతోందో వీళ్ళలో ఎవరు సరిగ్గా చూశారు? నా దగ్గరికి వచ్చినవాళ్ళని నోరు తెరవమనకుండానే పన్ను పీకేస్తే ఊరుకుంటారా?"

మృణాళిని ఆలోచించింది. "ఎవరూ చూడలేదు" అంది. "ఆఖరికి నేనే చూసుకోలేదు."

మర్నాటి నుంచి ఇద్దరూ ఆఫీసు వేళకి ముందే క్లబ్బుకి వచ్చేవారు. టిప్పుల్లో మూడో రకం ఒకటుందని మృణాళిని వినివుంది. తోలునే పొరలు పొరలుగా నొక్కి గట్టిపరిచిన బిళ్ళ అది. దాన్ని ఇంకో కర్రకి పెట్టించింది. మూడు కర్రలూ గోడకి ఆనించి, ఒక్కోదానితో కొట్టి చూడటం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ మనుషుల్ని అడిగిన ప్రశ్నలు ఇప్పుడు బంతిని అడిగింది. ఎటు వెళ్ళావు? ఎందుకు వెళ్ళావు?

బంతి జవాబు చెప్పింది. టిప్ జారకుండా దానికి నీలం సుద్ద రాస్తారు. కొట్టిన చోట తెల్ల బంతి మీద చిన్న నీలం మచ్చ పడుతుంది. జీనత్ ఆ మచ్చని పరీక్షగా చూసింది.

"నువ్వు నడిమధ్యన కొట్టడం లేదు. చివరి క్షణంలో నీ కర్ర కొంచెం కిందకి దిగుతోంది."

దాంతో మిగిలింది మృణాళినికే అర్థమైంది. ప్లాస్టిక్ మీద సుద్ద సరిగ్గా నిలవదు. దెబ్బ నడిమధ్యన పడితే పరవాలేదు, కాస్త పక్కకో కిందకో పడితే జారుతుంది. తన బంతి ఎగిరింది అందుకే. మెత్తటి తోలు సుద్దని పట్టుకుంటుంది గానీ దెబ్బలో సగం తానే మింగేస్తుంది. గట్టిపరిచిన తోలుతో కొడితే చప్పుడు ప్లాస్టిక్ అంత ఘనంగా రాలేదు. కానీ బంతులు చెదిరాయి, తెల్ల బంతి మాత్రం బుద్ధిగా బల్ల మధ్యలో నిలబడింది. అక్కడ నిలబడితే చాలు, మిగిలిన బంతుల సంగతి ఆమెకి తెలుసు. ఆమె బలమంతా అందులోనే ఉంది.

"చెయ్యి దిగకుండా దిద్దుకోవచ్చుగా?" అంది జీనత్.

"దిద్దుకుంటాను. ఆదివారం అంతవరకూ ఆగదు. ఇవాళ ఉన్న చేతికి ఇవాళ సరిపోయేది కావాలి."

రెండో ఆదివారం మృణాళిని గెలిచింది. మూడో ఆదివారం క్లబ్బులో కుర్చీలు చాలలేదు. ఇద్దరూ చెరిసగం రౌండ్లు గెలుచుకుంటూ వచ్చి చివరి రౌండుకి చేరారు. బ్రేక్ మృణాళినిది.

"గట్టిగా కొట్టమ్మా" అన్నాడు ఎవరో వెనకనుంచి.

ఆమె గట్టిగా కొట్టాలని చూడలేదు. సుద్ద రాసింది. రోజూ పొద్దున్న కొట్టినట్టే కొట్టింది. త్రికోణం విచ్చుకుంది. చారల బంతి ఒకటి మూల పాకెట్లో పడింది. తెల్ల బంతి గుంపులోంచి వెనక్కి వచ్చి బల్ల మధ్యలో ఆగింది. ఆ తరువాత ఆమె సన్యాసిరావుకి వంతు రానివ్వలేదు. అన్నిటికంటే చివర పడాల్సిన నల్ల బంతి పక్క పాకెట్లోకి వెళ్ళాక అతనే ముందుగా వచ్చి చెయ్యి కలిపాడు.

"హైదరాబాదులో బాగా ఆడండి. మీకు నేనిచ్చిన సలహా మాత్రం మరిచిపోండి" అన్నాడు.

కోదండపాణి మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళకి వివరిస్తున్నాడు. "నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. ఆడవాళ్ళకి గట్టి తోలే సరిపోతుంది."

జీనత్ ఆ మాట విని తన బ్రేక్ కర్ర తీసింది. ఆ పొద్దులన్నీ ఆమె కూడా మూడు బిళ్ళలతోనూ కొట్టి చూసుకుంది. ఆమె చెయ్యి గీత గీసినట్టు సూటిగా పోతుంది. అందుకే ప్లాస్టిక్ ఎంచుకుంది. ఖాళీగా ఉన్న పక్క బల్ల మీద బంతులు పేర్చి ఒక్కటి కొట్టింది. గది దద్దరిల్లింది, రెండు బంతులు పడ్డాయి, తెల్ల బంతి బల్ల దాటలేదు.

"మరి నేనెవరిని సార్?" అని అడిగింది.

మృణాళిని తన మూడు కర్రల్నీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కొట్టి చూడండి సార్. మీకేది సరిపోతుందో మాక్కూడా తెలియదు."

ఆయన మూడు బిళ్ళల్నీ వేలితో నొక్కి చూసి, ఒక కర్ర అందుకున్నాడు.

నీతి: నిన్ను చూడకుండానే నీకేది తగునో చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ మాట విను, కానీ నీ చేతికి ఏది తగునో నీ చేత్తోనే పరీక్షించి తేల్చుకో.