చిటారుకొమ్మ ఎక్కలేని ఓబులు మామ

అనగనగా నల్లమల అడవిలో, ఘాట్ రోడ్డు మెలిక తిరిగే చోట, ఒక పొడుగాటి మద్దిచెట్టు. ఆ చెట్టు మీద ఓబులు అనే కొండముచ్చు, తన భార్య తిరపమ్మతో కాపురం ఉండేవాడు.

ఓబులుకు ఒక పెద్ద ఉద్యోగం ఉంది. ఏం ఉద్యోగం? కాపలా! చెట్టు కింద పచ్చికలో దుప్పులు మేస్తుంటాయి. చుట్టూ మనిషెత్తు గడ్డి. ఆ గడ్డిలో చిరుత నక్కి వస్తే కింద ఉన్నవాళ్లకు కనపడదు. చిటారుకొమ్మన కూర్చున్నవాళ్లకే కనపడుతుంది. చిరుత జాడ తెలియగానే ఓబులు "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. దుప్పులు పరుగో పరుగు. అంత దూరం ఆనే కళ్లు కొండముచ్చుల్లో మరెవరికీ లేవు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? బస్సు దగ్గర వచ్చింది. రోజూ సాయంత్రం ఒక బస్సు మలుపులో నెమ్మదిగా వెళ్లేది. లోపలివాళ్లు "పాపం, కోతి!" అంటూ చిప్సు, మిక్చరు, మిరపకాయ బజ్జీలు విసిరేవారు.

"కోతట కోతి! కొండముచ్చునయ్యా!" అని విసుక్కుంటూనే ఓబులు అన్నీ ఏరుకుని తినేవాడు.

ఏడాది తిరిగేసరికి పొట్ట గుమ్మడికాయంత అయింది. ఒకరోజు చిటారుకొమ్మ మీద కూర్చోగానే అది కిర్రుమని వంగింది. ఓబులు జారుకుంటూ వచ్చి నడిమి పంగలో ఇరుక్కున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే కళ్లకు ఆకులే అడ్డం. దూరపు గడ్డి కనపడదు.

కింద చుక్కమ్మ అనే దుప్పి ఉంది. తనకు పది రోజుల పిల్ల. పైకి చూసి కంగారుపడింది.

"మామా, నువ్వు అక్కడ కూర్చుంటే మాకు కళ్లు లేనట్టే. ఈ పసిదాన్ని వేసుకుని నేనెక్కడికి పోను?"

ఓబులుకు తల కొట్టేసినట్టయింది.

"రేపట్నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనమ్మాయ్! వారం తిరక్కుండా పైన ఉంటా, చూడు!" అన్నాడు.

మొదటి రోజు పొద్దున బాగానే గడిచింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. సాయంత్రం బస్సు హారన్ వినపడిందో లేదో, ఒక్క దూకు దూకాడు. రోజూ తినేదానికి రెండింతలు తిన్నాడు.

"పొద్దంతా ఉపవాసం, సాయంత్రం ఊరేగింపా?" అంది తిరపమ్మ.

రెండో రోజూ అంతే.

మూడో రోజు మధ్యాహ్నానికే కళ్లు బైర్లు కమ్మాయి. బస్సు ఎప్పుడొస్తుందా అని ఓబులు రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. చెట్టు పక్కనే గడ్డి కదిలింది. ఆ మాత్రం నడిమి పంగలోంచి కూడా కనపడుతుంది. కానీ ఓబులు చూపు అటు లేదే!

చిరుత దూకింది. చుక్కమ్మ పిల్లను తలతో నెట్టేసింది. పంజా గోరు పిల్ల తొడను గీసుకుంటూ పోయింది. తల్లీపిల్లా వాగు దాటి ఎలాగో బతికి బయటపడ్డారు.

మర్నాడు ఓబులు చెట్టు దిగి, చుక్కమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మాయ్. నన్ను తిట్టు."

"తిడితే పొట్ట తగ్గుతుందా మామా? తగ్గేదైతే తిరపమ్మత్త ఎప్పుడో తగ్గించేసేది. సరేగానీ, ఆకలి నిన్ను ఏ వేళకు పట్టుకుంటోంది?"

ఓబులు ఆలోచించాడు. "ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఒకసారి. బస్సుకు కాస్త ముందు ఇంకోసారి."

"రోజూ అదే వేళకా?"

"కచ్చితంగా అదే వేళకు."

"మరి చెప్పిన వేళకు వచ్చే చుట్టానికి ముందే ఏదో ఒకటి సిద్ధం చేసుకోవద్దా? నువ్వు తలుపేసుకుని కూర్చున్నావు. అది తలుపు బద్దలుకొట్టుకుని వచ్చింది. పొద్దునా సాయంత్రం హాయిగా చిగుళ్లు తిను. ఆకలి వచ్చే ఆ రెండు వేళలకూ మాత్రం ఇవిగో" అంటూ చుక్కమ్మ రేగుపొద చూపించింది. "మధ్యాహ్నం ఒక గుప్పెడు. బస్సుకు ముందు ఒక గుప్పెడు. అంతే."

"గుప్పెడా! నా పంటి కిందకైనా వస్తాయా?"

"తిని చూసి మాట్లాడు మామా."

చిప్సయితే నోట్లో వేసుకోగానే మాయం. రేగుపండు అలా కాదు. గింజ చుట్టూ కొరకాలి. చప్పరించాలి. గింజ ఉమ్మాలి. అప్పుడు గానీ రెండోది అందుకోలేం. గుప్పెడు పండ్లు అయ్యేసరికి చాలాసేపు పట్టింది. చిత్రం, ఆకలి కూడా ఎటో వెళ్లిపోయింది! ఒక్కోరోజు రేగుపండ్లకు బదులు ఉసిరికాయలు కొరికేవాడు, మీద వాగు నీళ్లు తాగేవాడు. ఆ నీళ్లు ఎంత తియ్యగా ఉండేవో!

పదో రోజున ఒక మిరపకాయ బజ్జీ సరిగ్గా అతని కాళ్ల దగ్గర పడింది. దాచడమెందుకు, తినేశాడు. వెంటనే దిగులుపడ్డాడు.

"అయిపోయింది. ఇన్నాళ్ల కష్టమంతా మట్టిపాలు. ఇంక మిగతావీ తినేస్తా."

తిరపమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఒక బజ్జీ తింటే ఒక బజ్జీ తిన్నట్టు. బస్సంతా తిన్నట్టు కాదు. రేపటి గుప్పెడు మానకు. పదవయ్యా పైకి!"

ఓబులు మళ్లీ నడిమి పంగకు ఎక్కాడు. ఇంకో వారం దాటాక ఆ పంగ వదిలి ఒక కొమ్మ పైకెక్కాడు. ఇంకొన్నాళ్లకు ఇంకో కొమ్మ. తొందరపడలేదు. రేగుపండ్ల కాలం అయిపోవచ్చేసరికి చిటారుకొమ్మ మీద కూర్చున్నాడు. కొమ్మ ఊగింది గానీ వంగలేదు.

ఒక సాయంత్రం, గుప్పెడు తినడం అప్పుడే అయింది. గాలి ఇటు వీస్తోంది. దూరంగా ఒకచోట గడ్డి మాత్రం అటు వంగింది. ఎందుకలా? ఓబులు మెడ చాచి చూశాడు. పసుపు ఒంటి మీద నల్లమచ్చలు!

"ఖక్! ఖక్! ఖక్!"

చుక్కమ్మ ఒక్క గెంతు గెంతింది. పిల్ల తల్లికంటే ముందే వాగు దాటేసింది. మందంతా దాటేదాకా ఓబులు అరుస్తూనే ఉన్నాడు. చిరుత ఒకసారి పైకి గుర్రుగా చూసి, వచ్చిన దారినే పోయింది.

అంతా సర్దుకున్నాక తిరపమ్మ పైకెక్కి పక్కన కూర్చుంది.

"బస్సు వచ్చి వెళ్లిపోయింది, తెలుసా? ఏడు బజ్జీలు పడ్డాయి."

ఓబులు ఇంకా గడ్డి వైపే చూస్తున్నాడు.

"ఏ బస్సు?" అన్నాడు.

నీతి: ఒళ్లు తగ్గాలని కడుపు మాడ్చుకోకండి. ఆకలి వచ్చే వేళ తెలుసుకుని, నమిలి తినే మంచి చిరుతిండి ఒక గుప్పెడు దగ్గర పెట్టుకోండి. ఒళ్లూ తగ్గుతుంది, చేసే పని మీద చూపూ నిలుస్తుంది.