తంగేడు చేసిన తప్పు

రాజుగారి కూతురికి ఊపిరి ఆడడం లేదు.

వానలు వెనకబట్టిన రోజులు. తోటలో తంగేడు విరగబూసింది. చనిపోయిన రాణిగారు పుట్టింటి నుంచి తెచ్చి నాటుకున్న మొక్క అది, తోటంతా పొదలై పెరిగింది. నీళ్ళు పోసినవాళ్ళు లేరు, ఎరువు వేసినవాళ్ళు లేరు. ఎండలకి సగం చచ్చి, ఏటా ఈ వేళకి తనంతట తనే లేచి పూసేది.

దాని వెనక, గోడవార, వయ్యారిభామ అనే తెల్లపూల కలుపు మొలిచింది. ఎవరు తెచ్చారో, ఎప్పుడొచ్చిందో తెలీదు. పేరుకే భామ, చేసేది పాపిష్ఠి పని. దాని పుప్పొడి గాలిలో కలిసి, కిటికీలోంచి నేరుగా పిల్ల గదిలోకి పోయేది. తంగేడు పుప్పొడి అలా కాదు, బరువు. తేనెటీగ మోస్తే తప్ప కదలదు.

రాజుగారు కిటికీలోంచి చూశారు. తోటంతా పసుపు.

"ఇంకేముంది, అదే!" అన్నారు.

"అయ్యో, నేనేం చేశానే?" అని గొల్లుమంది తంగేడు.

"ఏమీ చెయ్యలేదు. కనిపించావు," అంది వయ్యారిభామ.

"రాణిగారు నాటిన మొక్క, ప్రభూ..." అని మంత్రి నసిగాడు.

"నా బిడ్డ కంటే ఎక్కువా?" అని కసిరారు రాజుగారు. ఆయన్ని మాత్రం ఏమంటాం? తిండి మానేసి, బిడ్డ వీపు నిమురుతూ కూర్చున్న తండ్రి.

నరికితే మళ్ళీ చిగురిస్తుందని వేళ్ళతో సహా తవ్వించేశారు. తేనెటీగలు కొన్నాళ్ళు ఆ గుంతల మీదే తిరిగి, ఎటో వెళ్ళిపోయాయి. ఖాళీ నేల ఊరుకుంటుందా? చూస్తూ చూస్తూ ఉండగానే తోటంతా వయ్యారిభామ అయింది. మోకాలెత్తున, తెల్లతెల్లగా.

పిల్లకి జబ్బు ముదిరింది. ప్రతి ఊపిరికీ పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుంటే చూడలేక దాసీలు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. మంచానికి అతుక్కుపోయిన బిడ్డ కాసిన్ని పూలైనా చూసుకుంటుందని, రాజుగారే వెళ్ళి ఆ తెల్లపూలు గుత్తులుగా కోసుకొచ్చారు. కూజాలో అమర్చి తలగడ పక్కన పెట్టారు. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నాయో!

పిల్ల కళ్ళు తిప్పి వాటివంక చూసింది.

"నాన్నా... ఆ పూలు... తీసెయ్యవూ?"

రాజుగారికి దుఃఖం పొంగుకొచ్చింది.

"ఎప్పుడో తీయించేశాను తల్లీ. ఒక్కటి మిగిలి ఉంటే ఒట్టు," అంటూ కూజాని ఆమె ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరిపారు.