జాగ్రత్త చెప్పిన మాంత్రికుడు

అనగా అనగా, మీ తాతకి తాత కూడా ఇంకా పుట్టని రోజుల్లో, మాగాణిపురం అని ఒక రాజ్యం ఉండేది. దానికి ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మహాకేతు, రెండోవాడు విజయకేతు, మూడోవాడు బాలకేతు. ముగ్గురూ మంచివాళ్లే. కథల్లో పెద్దవాళ్లిద్దరూ చెడ్డవాళ్లయి ఉంటారు కదా, ఈ కథలో అలా కాదు, ముందే చెబుతున్నాను.

పేరుకి మాగాణిపురమే గానీ ఏళ్ల తరబడి అక్కడ చినుకు లేదు. జనం గాదెలు ఊడ్చి తిన్నారు. చివరికి విత్తనాలకని దాచిన వడ్లు కూడా దంచుకుని తినేశారు. తినక ఏం చేస్తారు, ఆకలి ఆగుతుందా? ఇలా ఉండగా పంచాంగం చూసే పంతులుగారు వచ్చి, "మహారాజా, ఈ ఏడు వానలు దండిగా పడతాయి" అన్నాడు. అందరూ సంతోషించబోయి మధ్యలోనే ఆగిపోయారు. వాన పడితే సరే, చల్లడానికి గింజ ఏదీ?

ఏడు సముద్రాల అవతల ధాన్యద్వీపం ఉంది. అక్కడ విత్తనాలు అమ్ముతారు. కానీ అరువు మాట ఎత్తకూడదు. సొమ్ము చేతిలో పెడితేనే కుంచం పట్టుకుంటారు.

రాజు ఖజానాలో ఉన్న బంగారమంతా పెద్ద కొడుక్కి ఇచ్చాడు. మహాకేతు దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి, మూడు తాళాలు వేసి, ఓడెక్కాడు. మళ్లీ రాలేదు.

రాజు రాణీగారి నగలు కరిగించి రెండో కొడుక్కి ఇచ్చాడు. విజయకేతు తెలివిగా వెదురుకర్ర తొలిచి, కాసులన్నీ అందులో పోసి, ఆ కర్ర ఊపుకుంటూ ఓడెక్కాడు. వాడూ రాలేదు.

ఇక రాజు దగ్గర ఏమీ లేదు. అప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా కోటకి వచ్చారు. ఒకావిడ ముక్కుపుడక తీసిచ్చింది. ఒకావిడ కమ్మలు తీసిచ్చింది. ఒక ముసలామె మెడలో గుళ్లపేరు తీసి, "ఇదే ఆఖరు బాబూ, ఇది కూడా పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు" అంది. అవన్నీ కరిగించి కాసులు పోయించి, రాజు బాలకేతు చేతిలో పెట్టాడు. "వానలు పడే లోపల విత్తనాలతో రావాలి నాయనా" అన్నాడు. రాణీగారు గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్త నాన్నా" అంది. బాలకేతు వెంటనే రొండిన దోపుకున్న మూట తడుముకుని, "ఇదిగో ఉందమ్మా" అన్నాడు. ఎవరైనా చేసే పనే కదా!

నడుస్తూ నడుస్తూ బాలకేతు ఒక బీడు మీదికి వచ్చాడు. కాలు వెయ్యబోతే నేల మీద మచ్చల మచ్చల గుడ్లు. చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు. అంతలో పక్కనే ఒక తీతువు పిట్ట రెక్క ఈడ్చుకుంటూ, కుయ్యోమని అరుస్తూ కుంటుతోంది. "అయ్యో, రెక్క విరిగింది కాబోలు" అని దాని వెంట పడ్డాడు. అది కుంటుతూ కుంటుతూ బీడు చివరిదాకా తీసుకుపోయి, ఝుమ్మని ఎగిరి కొమ్మ మీద కూర్చుంది.

"ఓసి నీ దుంప తెగ! రెక్క బాగానే ఉందే!" అన్నాడు బాలకేతు.

"బాగుండక ఏం? నువ్వు నా వంక చూశావు, గుడ్ల సంగతి మరిచిపోయావు. అదే నాకు కావలసింది" అంది తీతువు. "అయినా ముందు గుడ్లు చూసి కాలు వెనక్కి తీసుకున్నావు కాబట్టి నీకు చెబుతున్నా. దోచుకునేవాడికి కనపడేలా ఒకటి పెట్టు. అసలుది ఇంకోచోట పెట్టు."

బాలకేతు సరేనని నడిచాడు. ఆకలి దంచేస్తోంది. ఒక గట్టు పక్కన పందికొక్కు కలుగు కనిపించింది. పందికొక్కు కలుగులో వడ్లు ఉంటాయని తెలిసిందే. గునపం లాంటి కర్ర ఒకటి తీసుకుని తవ్వబోయాడు. లోపల్నుంచి పిల్లల కీచుకీచులు వినిపించి, పోన్లే అని ఆ కర్ర పక్కన పడేశాడు. పందికొక్కు బయటికి వచ్చి మీసాలు తుడుచుకుంది.

"తవ్వి ఉంటే ఏడ్చేదానివి కదూ?" అన్నాడు బాలకేతు.

"పిల్లల కోసం ఏడ్చేదాన్ని. గింజల కోసం ఏడవను. ఈ గట్టులో ఒకటి, ఆ గట్టులో ఒకటి, చింతతోపులో ఇంకొకటి ఉన్నాయి నా కలుగులు. ఒకటి పోతే ఒకటి మిగులుతుంది. నువ్వేమిటి, రాజ్యం సొమ్మంతా ఒక్క మూటలో పెట్టుకుని ఊరేగుతున్నావు? పద, పిల్లల్ని మా అక్కకి అప్పగించి నేనూ వస్తాను" అని, అప్పగించి వచ్చి అతని భుజాన ఉన్న సంచిలోకి దూకి కూర్చుంది.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తోంది. బాలకేతు భుజం పెట్టి దాన్ని తిరగేశాడు. "ఏడు సముద్రాలూ నేను దాటిస్తా, ఎక్కు" అంది తాబేలు. "అయితే ఒక్క క్షణం ఆగు, ఇసకలో గుడ్లు పెట్టి వస్తాను."

గుడ్లు పెట్టింది, ఇసక కప్పింది, వచ్చేసింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"అదేమిటే, కనీసం తిరిగి చూడవా?" అన్నాడు బాలకేతు.

"నేను ఎటు చూస్తే నక్క అటు చూస్తుంది. దాచడం అందరికీ వచ్చు నాయనా. దాచినదాని వైపు చూడకుండా ఉండడమే కష్టం" అంది తాబేలు.

ఏడు సముద్రాలు దాటేలోపల బాలకేతు తాబేలు వీపు మీద కూర్చుని సూదీ దారం పట్టుకున్నాడు. కొన్ని కాసులు పంచె అంచు మడతలో పెట్టి కుట్టాడు. కొన్ని చెప్పుల అట్టల మధ్య పెట్టాడు. కొన్ని సొరకాయ బుర్ర అడుగున వేసి, పైన మైనం పోసి, మైనం మీద మంచినీళ్లు పోశాడు. ఇక పట్టుసంచి ఒకటి, జరీ పోగులది, మిలమిల మెరిసేది, దాన్నిండా దారిఖర్చుకని తెచ్చుకున్న రాగి డబ్బులు పోసి అందరికీ కనపడేలా రొండిన దోపుకున్నాడు.

ధాన్యద్వీపం వచ్చింది. రేవులో ఒకడు బస్తాలు మోస్తున్నాడు. ఎవరా అని చూస్తే, పెద్దన్న మహాకేతు! వాడి వెనకే ఇంకో బస్తా కింద విజయకేతు!

"ఒరేయ్ తమ్ముడూ!" అని ఇద్దరూ బస్తాలు దించి కౌగలించుకున్నారు.

"ఏమైందన్నయ్యా?"

"ఏం చెప్పమంటావురా! కోట గుమ్మం దగ్గర ఒక తాతగారు కూర్చుంటాడు. దేవుడులాంటి మనిషి. వచ్చిన ప్రతివాడికీ, 'నాయనా, పరాయి ఊరు, సొమ్ము జాగ్రత్త' అని చెబుతాడు. నాకూ చెప్పాడు. నేను పెట్టె మీద చెయ్యి వేసి 'ఉందండీ' అన్నాను. లోపలికి వెళ్లి తాళాలు తీస్తే అన్నీ గులకరాళ్లు! ఆయన చెప్పనే చెప్పాడు, నేనే జాగ్రత్త పడలేదు" అన్నాడు మహాకేతు.

"నాకూ అంతే. కర్ర ఒకసారి నిమిరి చూసుకుని లోపలికి వెళ్లాను. తీరా చూస్తే రాళ్లు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి వస్తాం? తిరుగు ఓడ ఖర్చులైనా కూడబెడదామని ఇలా మోస్తున్నాం" అన్నాడు విజయకేతు.

"మరి ఆయన జాగ్రత్త అనగానే మీరిద్దరూ చెయ్యి వేశారా?"

"వెయ్యరా మరి? ఎవడైనా వేస్తాడు!"

బాలకేతు గుమ్మానికి కాస్త దూరంలో నిలబడి చూశాడు. ఒక వర్తకుడు వచ్చాడు. తాత "జాగ్రత్త" అన్నాడు. వర్తకుడు నడుం తడుముకున్నాడు. తాత గడ్డంలో పెదాలు కదిలాయి. ఆయన కూర్చున్న చాప కింద ఎక్కడో గలగలమని సన్నగా చప్పుడైంది. ఇంకొకడు వచ్చాడు. "జాగ్రత్త." తలపాగా తడుముకున్నాడు. గలగల. అప్పుడు బాలకేతుకి అర్థమైంది. ఎవడి సొమ్ము ఎక్కడుందో వాడి చెయ్యే ఆ తాతకి చూపిస్తోంది!

"వీడు మాంత్రికుడు" అంది సంచిలోంచి పందికొక్కు.

మాంత్రికుడన్నాక వాడి ప్రాణం ఒక చిలకలో ఉంటుంది. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు, బాలకేతుకీ తెలుసు. ఆ చిలక ఎక్కడుందన్నదే తెలియదు.

బాలకేతు గుమ్మం దగ్గరికి వెళ్లాడు. ఎదురుగా విత్తనాల కొట్టు ఉంది. కొట్టు యజమాని కూతురు చామంతి అరుగు మీద కూర్చుని, బేరాలు లేక ఖాళీ కుంచంతో ఈగలు తోలుకుంటోంది.

"రా నాయనా. పరాయి ఊరు, సొమ్ము జాగ్రత్త" అన్నాడు తాత తియ్యగా.

బాలకేతు పట్టుసంచి తడుముకుని, "ఉందండీ" అన్నాడు. చాప కింద చప్పుడైంది గానీ గలగల కాదు, లొటలొటమని రాగి చప్పుడు. తాత మొహం మాడింది. అయినా నవ్వాడు.

"ఇది కాదులే నాయనా. అసలుది వేరే ఉంటుంది కదా, అది జాగ్రత్త."

బాలకేతు చెయ్యి పంచె అంచు వైపు బయల్దేరింది. దారిలో దాన్ని పట్టుకుని, పైకి తెచ్చి, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "ఎండ మండిపోతోంది తాతగారూ" అన్నాడు.

తాత నవ్వడం మానేశాడు. సొమ్ము ఎవరిదో వాడికి మంత్రంతో తెలుస్తుంది గానీ ఎక్కడుందో తెలియదు. గొంతు తగ్గించి అన్నాడు: "ముక్కుపుడకలు కరిగించిన బంగారం. ఒక ముసలామె గుళ్లపేరు కూడా ఉంది అందులో. అది పోతే ఆమె పొయ్యి వెలగదు. ఉందో పోయిందో చూసుకున్నావా? జాగ్రత్త నాయనా, జాగ్రత్త!"

ఆ మాటతో బాలకేతుకి అనుమానం పట్టుకుంది. పంచె అంచు తేలికైపోయినట్టుంది. చెప్పులు తేలికైపోయినట్టున్నాయి. బుర్రలో నీళ్లు తప్ప ఏమీ లేనట్టుంది. ఒక్కసారి ముట్టుకుని చూస్తే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. రెండు చేతులూ వాటంతట అవే లేచాయి. లేచిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక, రెంటినీ కలిపి గట్టిగా దణ్ణం పెట్టేశాడు.

అరుగు మీద చామంతి పకపకా నవ్వింది. "ఏమయ్యా, తలనీలాలు కూడా ఇస్తావా ఏమిటి ఆయనకి?"

బాలకేతు చేతులు విడదీయకుండానే, "పెద్దవారు, నాకు మూడుసార్లు చెప్పారు. నేను ఒక్కసారైనా చెప్పకపోతే బాగుండదు. తాతగారూ, మీ చిలక జాగ్రత్త!" అన్నాడు.

తాత చెయ్యి టక్కున పొట్ట మీదికి వెళ్లింది!

ఊళ్లో అందరూ అది బొజ్జ అనుకున్నారు. బొజ్జ కాదు, శాలువా కింద నాడాతో కట్టుకున్న పంజరం. పందికొక్కు సంచిలోంచి ఒక్క దూకు దూకి నాడా కొరికేసింది. పంజరం దొర్లుకుంటూ వచ్చి బాలకేతు కాళ్ల దగ్గర ఆగింది. లోపల పచ్చటి చిలక.

"బాబ్బాబు, దాన్నేమీ చెయ్యకు!" అన్నాడు మాంత్రికుడు. గొంతు కూడా సన్నగా చిలక గొంతులా అయిపోయింది.

"చిలకకి ఏ హానీ చెయ్యను. ఎవరి సొమ్ము వాళ్లకి ఇచ్చేయ్."

మాంత్రికుడు చాప తీశాడు. ఏదో గొణిగాడు. ఊళ్లో ఎక్కడెక్కడ గులకరాళ్లున్నాయో అక్కడక్కడ మళ్లీ బంగారం మెరిసింది. రేవులో మహాకేతు పెట్టె బరువెక్కింది. విజయకేతు కర్ర గలగలమంది.

బాలకేతు మాట తప్పలేదు. పంజరం తలుపు తీశాడు, అంతే. చిలక రివ్వున ఎగిరి సముద్రం వైపు పోయింది. మాంత్రికుడు "జాగ్రత్తే, జాగ్రత్తే!" అని అరుస్తూ, ఆకాశంలోకి చూసుకుంటూ, చిలక వెంట పరుగెత్తాడు. ఆ పరుగు పరుగు, ఆ ఊళ్లో మళ్లీ కనిపించలేదు.

చామంతి అరుగు దిగి వచ్చింది. "ఎన్నాళ్లైందో తెలుసా, ఈ గుమ్మంలోంచి సొమ్ముతో ఒక మనిషి నడిచొచ్చి! అందరూ వస్తారు, సంచి విప్పుతారు, రాళ్లు చూసి ఏడుస్తారు. మా నాన్న కొట్లో విత్తనాలు ముక్కిపోతున్నాయి. ఇంతకీ నీ సొమ్ము ఎక్కడుంది?"

బాలకేతు నోరు తెరవలేదు. కదలలేదు.

"అమ్మయ్య, ఇప్పుడు నమ్మకం కుదిరింది" అంది చామంతి. "లోపలికి రా, తలుపేసి కొలుస్తాను."

కొట్లో కూర్చుని బాలకేతు అంచు విప్పాడు, అట్టలు చీల్చాడు, మైనం కరిగించాడు. ఒక్క కాసు తగ్గలేదు. చామంతి తూర్పారబట్టిన మేలు గింజలు కొలిచింది. అన్నల బంగారంతో ఓడలు బాడుగకి మాట్లాడుకుని బస్తాలన్నీ ఎక్కించారు. ఓడ కదిలేముందు చామంతి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చి, "ఈ గింజలు మీ నేలలో ఎలా మొలుస్తాయో చూడాలి, నేనూ వస్తాను" అంది. గింజల కోసమేనా అని ఎవరూ అడగలేదు.

తాబేలు ముందు ఈదుతూ దారి చూపించింది. ఓడలు మాగాణిపురం రేవు చేరేసరికి ఆకాశం నల్లగా దిగి ఉంది. జనం తడుస్తూనే బస్తాలు మోశారు, తడుస్తూనే నారు పోశారు. మిగిలిన బంగారంతో రాజు ఇంటింటికీ తీసుకున్నదానికి బదులు కట్టి ఇచ్చాడు.

బాలకేతుకీ చామంతికీ పెళ్లి అనుకున్నారు గానీ వెంటనే చెయ్యలేదు. పెళ్లంటే ఊరికి అన్నం పెట్టాలి కదా, పంట రావాలిగా! కోతలయ్యాకే ముహూర్తం పెట్టారు. కొత్త బియ్యం అన్నం, పప్పు, గుమ్మడికాయ దప్పళం, బెల్లం పరమాన్నం. వడ్డించేవాళ్లు అలిసిపోయారు గానీ విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు లేవలేదు. అన్నలిద్దరూ, "నాన్నగారూ, సింహాసనం తమ్ముడికే ఇవ్వండి. మాకు ఓడల పని బాగా వచ్చేసింది" అన్నారు.

అలా బాలకేతు రాజయ్యాడు, చామంతి రాణి అయ్యింది. వాళ్లు ఏలినన్నాళ్లూ ఆ రాజ్యంలో విత్తనాల గింజ దంచుకుని తినాల్సిన రోజు రాలేదు. వాళ్ల జుట్లు నెరిశాయి, మనవలు పుట్టారు, ఆ మనవలకి ఆకలంటే ఏమిటో చెబితే గానీ తెలియలేదు. కథ అక్కడ హాయిగా కూర్చుంది, మనం లేద్దాం పదండి.