ఒరుగమ్మ కాళ్ళు చాచిన చేను

కొత్తదిన్నె గ్రామానికి ఉత్తరాన, నల్లరేగడి చేల నడుమ శ్రీ ఒరుగమ్మ తల్లి వెలసి ఉన్నది. గుడి ఎక్కడ అని అడిగే భక్తులకు ముందుగా ఒక మనవి. గుడి లేదు. గోపురం లేదు, ప్రాకారం లేదు, నీడకు నాలుగు రేకులు కూడా లేవు. పెద్దలు కట్టక కాదు. కట్టిన ప్రతి గోడనూ ఈ నేల వానాకాలంలో ఉబ్బి పైకెత్తింది, ఎండాకాలంలో కుంగి పగలగొట్టింది. ఊరి నుండి చేను దాకా వేసిన దారికీ అదే గతి పట్టింది. కట్టీ కట్టీ విసిగి చివరకు మనుషులే మానుకున్నారు. నేల మాత్రం తన పని మానలేదు.

అమ్మవారు నిలువెత్తు బండరాయి. పెద్ద శిల్పమేమీ కాదు. రెండు కళ్ళు, ఒక ముక్కు, అంతే. ఆ రాయి నిటారుగా ఉండదు. ఎద్దులను విప్పి వచ్చిన రైతు గోడకు వాలినట్టు వెనక్కి ఒరిగి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు, అయ్యో పడిపోయేట్టుందే అంటూ భుజం పెట్టి లేపబోతారు. దయచేసి లేపవద్దు. ఎందుకు లేపరాదో తెలియాలంటే బసక్క సంగతి వినాలి. దానికన్నా ముందు ఈ నేల సంగతి వినాలి.

రేగడి మొండిది. వేసవిలో నోళ్ళు తెరిచినట్టు నెర్రెలు విచ్చుకుంటుంది. లేగదూడ కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. వాన పడితే తాగి తాగి ఉబ్బి ఆ నెర్రెలన్నీ తానే పూడ్చుకుంటుంది. అప్పుడు చేలోకి దిగినవారి కాళ్ళకు మణుగు మట్టి అంటుకుంటుంది. చెప్పు ఊడితే దొరకదు. తడిగా ఉంటే జిగురు, పూర్తిగా ఆరితే రాయి. ఆ రెంటికీ నడుమ కొద్దికాలం మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది. దానినే పదును అంటారు. ఆ అదను చూసి విత్తితే చాలు, ఇక ఆకాశం వైపు చూడనవసరం లేదు. తాగిన నీటిని నేల అడుగున దాచుకొని, కొంచెం కొంచెంగా పైరుకు ఇస్తుంది. ఈ మాట కొత్తదిన్నెలో పాలు మరిచిన పిల్లకు కూడా తెలుసు. తొలిసారి ఇక్కడికి వచ్చినవారికి మాత్రం తెలియదు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, చేలు లేవు. పడమటి దిక్కున ఎర్రనేలల సీమలో కరువు మీద కరువు వచ్చి, కొన్ని కుటుంబాలవారు బండ్లు కట్టుకొని తూర్పుకు బయలుదేరారు. ముందు బండిలో వారి కులదేవత ఉంది. ఆమెను అప్పట్లో నిలువమ్మ అనేవారు. ఆ తల్లి నిలువునా నిలబడి ఉన్నంతకాలమే కులం నిలబడుతుందని వారి నమ్మకం. అమ్మవారి పక్కనే విత్తనాల కుండ ఉండేది. ఆ కుండ పూజారమ్మ చేతిది. ఆమె తన దోసిటితో తీసి ఇవ్వనిదే గింజ కదలకూడదు. ఎంత ఆకలి వేసినా ఎవరూ ఆ కట్టు దాటలేదు.

ఆ పూజారమ్మే బసక్క. దారిలోనే భర్తను మట్టి చేసి వచ్చింది. ఏడవడానికి కూడా బండి ఆగలేదు. కొడుకు మాదప్ప, కడుపుతో ఉన్న కోడలు ఈరమ్మ, వెనుక నాలుగు బండ్ల జనం, అందరికీ ఆమే దిక్కు. అందరికన్నా ముందు లేచేది, అందరూ తిన్నాక మిగిలితే తినేది. ఆమె అలసట ఒక రాత్రి నిద్రతో తీరేది కాదు. ఎముకల్లోకి దిగిపోయింది. అయినా అలిసిపోయానని ఏనాడూ అనలేదు. అనడానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా.

ఈ దిన్నె దగ్గరకు రాగానే ముందు బండి చక్రం దిగబడింది. ఎంత లాగినా రాలేదు. అమ్మవారు ఇక్కడే ఉండాలనుకుంటోందని పెద్దలు అన్నారు. నిజానికి ఎద్దులకూ ఓపిక లేదు, మనుషులకూ లేదు. అమ్మవారిని దించి నిలబెట్టారు. మరుసటి వానకు ఆమె ఒరిగింది. బసక్క గడ్డపార పట్టి, రాళ్ళు దోపి నిటారుగా నిలిపింది. నేల ఆరగానే రాళ్ళు వదులై మళ్ళీ ఒరిగింది. ఇక అది నిత్యకృత్యమైపోయింది. తెల్లవారితే ఆ ముసలి భుజం రాతికి ఆనించి, కులమంతా తన వీపు మీదే ఉన్నట్టు లేపుతూ ఉండేది.

ఎర్రనేలలో వాన నిలవదు. పైన పడింది పడినట్టే జారిపోతుంది. అందుకే అక్కడివారు వాన వెలిసీ వెలియకముందే గొర్రు కట్టి విత్తనం వేస్తారు. తాతల నుండి వచ్చిన ఆ అలవాటు ప్రకారమే ఇక్కడా వేశారు. గొర్రు గొట్టాలు బురదతో పూడుకుపోయాయి. ఎద్దులు పొట్టల దాకా దిగబడ్డాయి. పోసిన గింజ బురదలో కూరుకుపోయి, పైన నేల పెంకులా బిగుసుకుంది. ఒక్క మొలక కూడా పైకి రాలేదు. కుండలో సగం జొన్నలు అలా పోయాయి. తినే గింజ అప్పటికే అయిపోయింది. చెట్ల ఆకులు ఉడకబెట్టుకొని తింటున్నారు. మిగిలిన సగం కుండే వారి ప్రాణం. అదీ పోతే, ఈరమ్మ కడుపులోని బిడ్డతో సహా, ఎవరూ వచ్చే ఏడు చూడరు.

పుబ్బ కార్తె పోతూ పోతూ గట్టి వాన కురిపించింది. వాన వెలవగానే మాదప్ప గొర్రు కట్టాడు. పోయినసారి ఏం తప్పు జరిగిందో అతడు చాలా ఆలోచించాడు. ఆలోచించి, విత్తడం ఆలస్యమైంది కాబట్టే గింజ చచ్చిందని తేల్చుకున్నాడు. ఈసారి ఇంకా తడి మీదనే వేయాలన్నది అతని పట్టుదల. పాపం, ఎర్రనేలలో పుట్టినవాడికి మరో ఆలోచన ఎలా వస్తుంది?

బసక్క కుండను చంకన పెట్టుకొని ముందుగా అమ్మవారి దగ్గరకు వెళ్ళింది. వానకు రాయి ఎప్పటికన్నా ఎక్కువ ఒరిగి ఉంది. భుజం ఆనించింది. కదలలేదు. మళ్ళీ ఆనించింది. ఆమె కాళ్ళు చీలమండలు దాటి బురదలోకి దిగాయి. అంతే, ఆమెలో ఏదో తెగిపోయింది. గడ్డపార వదిలేసి, ఒరిగిన రాతికి వీపు ఆనించి, కుండను ఒడిలో పెట్టుకొని, బురదలో కాళ్ళు చాచి కూర్చుండిపోయింది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆమె పగటిపూట కన్ను మూసింది.

కలలో అమ్మవారు ఆమె పక్కనే, ఆమెలాగే కాళ్ళు చాచుకొని కూర్చొని ఉంది.

"ఏమే బసక్కా, ఎన్నాళ్ళే నన్నిట్ల లేపుతా ఉంటావు? నాకు మాత్రం నడుము ఉండదా?" అన్నది. "దావంతా నీతోపాటు నేనూ వస్తి గదా. నన్ను లేపొద్దు, నువ్వూ లేవొద్దు. నీ కాళ్ళను నేల పట్టుకుండాది. అది వదిలినప్పుడు లెయ్యి. అంతదాకా గింజ తియ్యొద్దు."

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మాదప్ప నిలబడి ఉన్నాడు.

"యాడ ఎతికేదమ్మా నిన్ను? తడి ఆరిపోతాంది. కుండ ఇయ్యి."

"నేల నా కాళ్ళు వదలనీ నాయనా. అప్పుడిస్తా."

"నీకేమన్నా పిచ్చా? నేల కాళ్ళు వదిలేదేంది? ఆడ నా పెండ్లాం ఆకులు తినలేక కక్కుకుంటాంది!"

"నాకు సేతగాదురా," అన్నది బసక్క. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. దానితోపాటు ఏడుపూ వచ్చింది. "లెయ్యలేను. నన్ను లేపొద్దు. అమ్మనూ లేపొద్దు."

జనం చుట్టూ చేరారు. ముసలిది సోమరితనానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుందని ఒకరన్నారు. కులాన్ని ముంచుతుందని మరొకరన్నారు. మాదప్ప కుండ మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఈరమ్మ తన కడుపు బరువుతో మెల్లగా నడిచి వచ్చి, అత్త పక్కనే బురదలో కాళ్ళు చాచి కూర్చున్నది.

"నాకూ కాళ్ళు పీకుతాండాయి. అత్తను లేపితే నన్నూ లేపి మోసుకుపో," అన్నది.

మాదప్ప చెయ్యి తీశాడు. కట్టు దాటడం అతనివల్ల కాలేదు.

బసక్క అక్కడ ఎన్నాళ్ళు కూర్చున్నదో లెక్కపెట్టినవారు లేరు. తిండీ నిద్రా అక్కడేనని అంటారు. మిగతా అవసరాల సంగతి స్థలపురాణాలు చెప్పవు. ఈరమ్మ పూటపూటా ఆకుల గంజి తెచ్చిపోయేది. మబ్బులు విడిపోయాయి, గాలి తిరిగింది, పైమట్టి తెల్లబడసాగింది. ఎర్రనేలలో అయితే ఈపాటికి తడి ఏనాడో పోయి ఉండేది. మాదప్ప ఎండను చూసి పళ్ళు నూరేవాడు. బసక్కకు మాత్రం భయం లేదా? ఉంది. పలికింది అమ్మవారా, తన అలసటా అని ఆమె తనను తాను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నదో. నా నడుము నొప్పికి బిడ్డ ప్రాణం పణం పెడుతున్నానా అని కుమిలిపోయింది. అయినా కుండ మీది చెయ్యి తీయలేదు.

ఒక ఉదయం చీలమండ చుట్టూ చల్లగాలి తగిలింది. వంగి చూసింది. ఆరుతున్న నేల దగ్గరకు ముడుచుకొని, కాలికీ మట్టికీ నడుమ జొన్నగింజ పట్టేంత సందు విడిచింది. కాలు పైకి లాగింది. తేలికగా వచ్చేసింది. పిక్కకు అంటిన మట్టి పొడిపొడిగా రాలిపోయింది.

"వదిలింది," అన్నది బసక్క.

దోసిట గింజలు తీసి కొడుకు చేతిలో పోసింది. గొర్రు ఆగకుండా సాగింది. మట్టి ఉడికిన పిట్టులా విడివిడిగా రాలి గింజను కప్పింది. ఆ తరువాత చుక్క వాన పడలేదు. అయినా పైరు వాడలేదు. పైనంతా నెర్రెలు విచ్చుతున్నా అడుగున దాచిన తడితో జొన్న మనిషెత్తు పెరిగింది. కంకి పాలుపోసుకునే వేళకు ఈరమ్మకు ఆడబిడ్డ పుట్టింది. కంకులు కోసేనాటికి ఆ బిడ్డకు మెడ నిలిచింది.

కొత్త జొన్నల తొలి రొట్టె కాల్చిన రోజున బసక్క ఇంట్లో లేదు. చేలో అమ్మవారికి వీపు ఆనించి కాళ్ళు చాచుకొని కూర్చున్నది. మాదప్ప ఆమెను పిలవలేదు. వేడి రొట్టె, గోంగూర పచ్చడి తన చేతులతో పట్టుకొని చేనంతా నడిచి వెళ్ళి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె అలవాటుగా లేవబోయింది.

"లెయ్యొద్దమ్మా. తిను," అన్నాడు.

"అందరూ తిన్నారా నాయనా?"

"ల్యా. ఈ పొద్దు నువ్వే ముందు."

ఆమె ఏడుస్తూనే తిన్నదని మా పెద్దలు చెప్పేవారు. అప్పటి నుండి అమ్మవారిని ఎవరూ లేపలేదు. పేరు కూడా ఒరుగమ్మగా మారింది. తల్లి ఒరిగింది, కులం నిలిచింది.

నేటికీ కొత్తదిన్నెలో ఆ ఆచారం తప్పలేదు. పుబ్బ కార్తె చివరి వానలు పడగానే ఊళ్ళో పెద్ద వయసు ఆడమనిషి ఒకరు విత్తనాల కుండ ఒడిలో పెట్టుకొని, అమ్మవారికి ఆని కూర్చొని, చేలో కాళ్ళు దించుతారు. ఇప్పటివారికి అంత కష్టం పెట్టరు. మాపటికి ఇంటికి వెళ్ళి, తెల్లవారి అవే గుంతల్లో కాళ్ళు పెట్టవచ్చు. కాలు శుభ్రంగా ఊడివచ్చిన నాడు ఆమె "వదిలింది" అని కేక వేస్తారు. ఆ కేక వినబడేదాకా ట్రాక్టరు కూడా చేలోకి దిగదు. తొందరపడి దిగినవాటిని తిరిగి బయటకు లాగడం ఊరివారందరికీ పని.

దర్శనానికి వచ్చేవారు కాళ్ళు కడుక్కోనవసరం లేదు. తలనీలాలు లేవు, ముడుపులు లేవు. రాతి ముందు భాగం ఇన్ని తరాల వీపులు ఆని నున్నబడి ఉంది. అక్కడే మీరూ వీపు ఆనించాలి. సంతానం కోరి వచ్చినవారికి సంతానం, పంట కోరి వచ్చినవారికి పంట కలుగుతాయని పెద్దలు చెబుతారు. ఏమీ కోరలేనంత అలసి వచ్చినవారంటే తల్లికి మరీ ఇష్టమట. ఇక్కడ ప్రసాదం జొన్నరొట్టె. దానికి వరుసలో నిలబడనవసరం లేదు. ఊరి మగవారు కాల్చి, చేలోకి తెచ్చి, కూర్చున్న ఆడవారి చేతుల్లో పెట్టాకే తాము తింటారు. కొత్తగా వచ్చిన అమ్మలు అలవాటు కొద్దీ లేవబోతారు, మేమూ సాయం వస్తామంటారు.

లేవకండమ్మా. రొట్టె వస్తుంది.