ఏ నీళ్లయినా నీళ్లే

బూదయ్య అనే దున్నపోతు ఇరవై ఏళ్లు ఒకేచోట పొర్లాడు. పొర్లగా పొర్లగా అది గుంటయింది, గుంట కాస్తా చెరువయింది. ఓ వరదకు చేపలూ వచ్చి చేరాయి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "సరదాగా గాలాలు వేసుకుంటాం మామా" అని అడవంతా బతిమాలితే మొహమాటానికి తలూపాడు. ఆ రోజు నుంచి బూదయ్యకి చెరువుంది గానీ, పొర్లే తీరిక లేదు.

"మామా, నా గాలం తుమ్మకొమ్మకి చిక్కుకుంది!" అని కోతి.

"మామా, పొద్దుట్నుంచీ ఒక్క చేపా ఎర ముట్టలేదు. నా గురించి వాటికేమైనా చెప్పావా?" అని ఎలుగుబంటి.

"అన్నయ్యా, ఈ ఎలుగు ఊరికే దగ్గుతున్నాడు. చేపలు బెదిరిపోతున్నాయి" అని కొంగమ్మ.

బూదయ్య గట్టు చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. ఈగల్ని తోలుకుందామన్నా తోక లేచేది కాదు.

చెరువుకి ఉన్న రూలు ఒక్కటే: పట్టుకో, మురిసిపో, నీళ్లలో వదిలెయ్.

గుంటనక్క గవర్రాజు మాత్రం రోజూ బిందెతో వచ్చేవాడు. "వదిలావా అల్లుడూ?" అంటే, "నీళ్లలోనే వదిలాను మామా, నా మీసం మీద ఒట్టు" అనేవాడు. బిందె ఎందుకని అడగడానికి బూదయ్యకి ఓపికుంటే కదా!

ఒక ఉదయం గట్టు పక్కన కొర్రమేను పిల్లలు ఎర్రటి గుంపుగా గిరగిరా తిరుగుతున్నాయి. వాటిని విడిచి జానెడు దూరం పోని తల్లి కనబడలేదు. చేపలు ఇప్పటికే పలచబడ్డాయి, మిగిలిన తల్లి కొర్రమేను అదొక్కటే. పొద్దుగూకేలోగా రాకపోతే పిల్లల్ని నీటిపాములు మింగేస్తాయి. వచ్చే ఏటికి చెరువులో ఇక నాచే మిగులుతుంది.

అంతలో నక్క బొరియ వైపు నుంచి పులుసు వాసన ఘుమ్మని కొట్టింది. బూదయ్య ఓ నిట్టూర్పు విడిచి, "పదండర్రా" అని అందర్నీ వెంటబెట్టుకుని వెళ్లాడు.

అప్పుడే దించిన కుండలో జెల్ల చేపల పులుసు. పక్కన బిందెలో తల్లి కొర్రమేను నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"ఇదేంటి అల్లుడూ?"

"నిన్నటి జెల్లలు మామా. నీళ్లలోనే వదిలాను."

"అది పులుసు కదయ్యా!"

"చింతపండు నీళ్లు నీళ్లు కావా? ఏ నీళ్లో నీ రూల్లో చెప్పావా? ఏ నీళ్లయినా నీళ్లే!"

కోతి పకపకా నవ్వింది. బూదయ్య మాత్రం వాన కురుస్తున్నట్టే నిలబడి, కాసేపు నెమరువేశాడు.

"నిజమే. ఏ నీళ్లయినా నీళ్లే. అందరూ విన్నారుగా? ఏం కొంగమ్మా, గుటకలు మింగుతున్నావు?"

"ఈ వాసనకి నోట్లో నీళ్లూరుతున్నాయి అన్నయ్యా."

"అవీ నీళ్లే కదమ్మా. ఆ జెల్లని అందులో వదులు."

కొంగ ముక్కు కుండలో దిగింది. "వదిలానన్నయ్యా!"

"మామా, నాకూ ఊరాయి!" అని ఎలుగు.

"నాకైతే నోరే చెరువయింది!" అని కోతి.

"ఆపండి! నా పులుసు!" గవర్రాజు కుండని కావిలించుకున్నాడు. "మామా, ఇదేం రూలు? మార్చు!"

"నాకు బుర్ర పనిచెయ్యట్లేదు అల్లుడూ. ఎలా మార్చాలో నువ్వే చెప్పు."

"ఏ నీళ్లలోంచి తీస్తే ఆ నీళ్లలోనే వదలాలి! అంతే!"

"బాగుంది. ఇవాళ్టి నుంచి అదే రూలు. మరి ఆ బిందెలో కొర్రమేనుని ఏ నీళ్లలోంచి తీశావు?"

గవర్రాజు నోరు తెరిచాడు, మూశాడు. అచ్చం కొర్రమేనులాగే.

బిందె నెత్తిన పెట్టుకుని చెరువుదాకా మోసింది కూడా వాడే. తల్లి నీళ్లలో పడగానే ఎర్రగుంపు వచ్చి చుట్టుకుంది. వాడు పరుగున తిరిగివచ్చి చూసుకుంటే, కుండలో కరివేపాకు రెబ్బ ఒక్కటి తేలుతోంది.

బూదయ్య హమ్మయ్య అనుకుని నీళ్లలోకి దిగాడు. మోకాళ్లు తడిశాయో లేదో, గట్టు మీంచి కేక.

"మామా! గాలం మళ్లీ చిక్కుకుంది!"

నీతి: మాటలో సందు వెతికేవాడు ఆ సందులోనే ఇరుక్కుంటాడు.